ఆఫీసు రాజకీయాలు, ఇబ్బంది పెట్టే సహోద్యోగులు: కొత్తగా ఇన్‌చార్జ్ అయినవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరు, ఒంగోలు చుట్టుపక్కల రొయ్యల ప్లాంట్లలో ఇరవై రెండేళ్లు పనిచేశాను. ల్యాబులో టెక్నీషియన్‌గా చేరి, షిఫ్టు ఇన్‌చార్జ్‌నై, చివరికి ప్లాంటు మేనేజర్‌నయ్యాను. ఇప్పుడు కొత్తగా సూపర్‌వైజర్లయిన పిల్లలకు శిక్షణ ఇస్తున్నాను. ఫ్రీజర్ల గురించి, టెస్టుల గురించి వాళ్లు అడిగేది తక్కువ. మనుషుల గురించి అడిగేదే ఎక్కువ. చీమకుర్తి గ్రానైట్ ఫ్యాక్టరీల ఆఫీసుల్లో ఉన్నవాళ్లు, టంగుటూరు వైపు పొగాకు కంపెనీలవాళ్లు, నెల్లూరులో కాలేజీల్లో, ప్రభుత్వ ఆఫీసుల్లో పనిచేసేవాళ్లు కూడా తిప్పి తిప్పి ఇవే అడుగుతుంటారు. నేను చూసిన షెడ్డు వేరు, మీ ఆఫీసు వేరు కాబట్టి నప్పినంత తీసుకోండి.

ఆఫీసు రాజకీయం అంటే అసలు ఏది? ఇద్దరు పోట్లాడుకుంటే అదీ రాజకీయమేనా?

కాదు. ఐసు చాల్లేదని ఇద్దరు షెడ్డులో గట్టిగా అరుచుకున్నారనుకోండి, అది పని గొడవ. పది నిమిషాలకు ఇద్దరూ కలిసే టీ తాగుతారు. అదే ఐసు సంగతి షెడ్డులో ఒక్క ముక్క అనకుండా, సాయంత్రం ఎండీ గారి గది బయట కాచుకుని, "అక్కడ ఎవరికీ పని మీద శ్రద్ధ లేదు సార్" అంటే, అదీ రాజకీయం. చెప్పాల్సిన మనిషికి చెప్పారా, ఎవరికి చెబితే తమకు లాభమో వాళ్లకు చెప్పారా అని చూస్తే తేడా తెలిసిపోతుంది.

అరుపులు వినబడే ఆఫీసును చూసి కొత్తవాళ్లు కంగారుపడతారు. నాకైతే మీటింగులో అందరూ తలలూపి, మెట్ల దగ్గర గుసగుసలాడే ఆఫీసంటేనే భయం.

నేను వీటిల్లో తలదూర్చను, నా పనేదో నేను చూసుకుంటాను. కుదరదా?

ఉద్యోగిగా ఉన్నన్నాళ్లు కొంతవరకు కుదురుతుంది. ఇన్‌చార్జ్ అయ్యాక కుదరదు. నైట్ షిఫ్టు ఎవరికి, సెలవు ఎవరికి, ఓవర్‌టైం ఎవరికి అని తేల్చాల్సింది మీరే. మీరు తేల్చకపోతే ఇంకెవరో తేలుస్తారు. ఆ ఇంకెవరో ఎవరన్నది రెండు నెలల్లో వాచ్‌మన్‌కు కూడా తెలిసిపోతుంది, మీకు తప్ప.

నిన్నటి దాకా పక్కపక్క సీట్లలో కూర్చున్నాం. ఇప్పుడు నేను వాళ్ల ఇన్‌చార్జ్‌ని. మాట వినడం లేదు, వెటకారంగా "సార్ గారూ" అంటున్నారు.

మొదటి నెల ఆ వెటకారం తప్పదు, పోనివ్వండి. నన్ను అప్పటిదాకా "అక్కా" అన్నవాళ్లు మర్నాటి నుంచి "మేడం గారండీ" అని సాగదీసి పిలిచారు. నవ్వి ఊరుకున్నాను. మూడో వారానికి వాళ్లకే విసుగొచ్చింది.

పట్టించుకోవాల్సిన మనిషి వేరే ఉంటారు. ఆ కుర్చీ తనకే వస్తుందని ఎదురుచూసిన మనిషి. చాలామంది ఆ మనిషికి మొహం చాటేస్తారు, ఏం మాట్లాడాలో తెలియక. నేను ఇన్‌చార్జ్‌నైన మర్నాడే అతన్ని పిలిచాను. "ఇది నీకొస్తుందని అందరూ అనుకున్నారు, నేనూ అనుకున్నాను. నీకు కష్టంగానే ఉంటుంది. ఫ్రీజర్ల సంగతి నీకు తెలిసినంత నాకు తెలియదు. ఆ లైను పూర్తిగా నువ్వే చూసుకో, నేను వేలుపెట్టను" అన్నాను. అన్న మాట మీద నిలబడ్డాను కూడా, అది కష్టమైన చోట సైతం. అతను నాకు స్నేహితుడేమీ కాలేదు. నా పెళ్లిరోజుకు కూడా పలకరించలేదు. ఫ్రీజర్ లైను మాత్రం నేనున్నన్నాళ్లూ అతని నిర్లక్ష్యం వల్ల ఒక్కసారీ ఆగలేదు. నాకు కావాల్సింది అదే.

పాత స్నేహాల విషయానికొస్తే, వాళ్లతో కలిసి భోజనం చేయడం మానక్కర్లేదు. ఆ భోజనం దగ్గర ఆఫీసులో మనుషుల సంగతులు మాట్లాడటం మానాలి. పిలుపు కూడా చూసుకోండి. బయట "ఏరా" అనుకోండి, మీటింగులో మాత్రం అందరికీ ఒకే మర్యాద. పది మందిలో ఒక్కడినే "ఏరా" అంటే మిగతా తొమ్మిది మందీ అక్కడికక్కడే లెక్క వేసుకుంటారు.

నాకన్నా పదిహేనేళ్లు పెద్దాయన. ఏం చెప్పినా "నువ్వు నిక్కరేసుకున్నప్పటి నుంచీ చేస్తున్నా" అంటాడు. ఎదురు చెప్పలేకపోతున్నాను.

నలుగురిలో చెప్పకండి. ముందు ఆయన్ను అడగండి: "బాబాయ్, ఇది ఇలా మారుద్దామంటున్నారు. మీరైతే ఎక్కడ తేడా కొడుతుందంటారు?" పాతవాళ్లు చెప్పే అభ్యంతరాల్లో సగానికి పైగా నిజమే ఉంటుందని నా అనుభవం. చెప్పే తీరు వల్ల మనకు వినబుద్ధి కాదు, అంతే. అడిగాక నిర్ణయం మాత్రం మీరే తీసుకోండి. "మీరన్నదాంట్లో ఈ రెండూ తీసుకున్నాను, ఇది తీసుకోలేదు, ఇందుకు" అని ఆయనకే ముందు చెప్పండి. అప్పటికీ వినకపోతే వయసును పక్కన పెట్టి, పని లెక్కన మాట్లాడాల్సిందే. "గారు", "మీరు" మాత్రం వదలొద్దు.

ఒకతను రోజూ నా గదికి వచ్చి మిగతావాళ్ల సంగతులన్నీ చెబుతాడు. దాంతో లోపల ఏం జరుగుతుందో నాకు తెలుస్తోంది. ఉపయోగమే కదా?

ఈ ప్రశ్నకు నేను మూల్యం చెల్లించి జవాబు నేర్చుకున్నాను, కాబట్టి కాస్త ఎక్కువ చెబుతాను.

మేనేజర్‌నైన రెండో ఏడు. రొయ్యల తలలు తీసే సెక్షన్లో రాత్రి షిఫ్టుకు ఒక సూపర్‌వైజర్ ఉండేది, గట్టి మనిషి. నాకు రోజూ కబుర్లు మోసే ఒకతను, ఆమె తన గ్రూపు ఆడవాళ్లను షిఫ్టు అయిపోకముందే ఇళ్లకు పంపించేస్తోందని చెప్పాడు. గేటు రిజిస్టర్ చూశాను. నిజమే, వరసగా ఆరు రోజులు ఇరవై నిమిషాల ముందే వెళ్లారు. ఆమెను పిలిచి అడగలేదు. ప్యాకింగ్‌లోకి మార్చేశాను. నెల తర్వాత తెలిసింది: పల్లెల నుంచి వాళ్లను తెచ్చే వ్యాను టైము మారింది. అది తప్పితే తెల్లవారుజామున రోడ్డు మీద నిలబడాలి. అందుకని వాళ్లు రాత్రి అరగంట ముందే వచ్చి పని మొదలుపెడుతున్నారు. అదీ అదే రిజిస్టర్లోనే ఉంది. నేను వెళ్లిన టైములు చూశానే గానీ వచ్చిన టైములు చూడలేదు, ఎందుకంటే అతను నాకు ఏది చూపించాలో అదే చూపించాడు. ఆ సూపర్‌వైజర్ సీటు తర్వాత ఎవరికొచ్చిందో వేరే చెప్పక్కర్లేదు. ఆమెకు క్షమాపణ చెప్పాను, పాత సెక్షన్‌కు మార్చాను. "పర్లేదులెండి మేడం" అంది. ఆ తర్వాత నేను అడిగినదానికి జవాబే తప్ప, తనంతట తాను నాకు ఏదీ చెప్పలేదు.

చాడీలు చెప్పేవాళ్లు అన్నిసార్లూ అబద్ధం చెప్పరు. నిజాన్ని సగం కోసి తెస్తారు. మీరు దాన్ని తీసుకున్న మొదటి రోజే ఆఫీసులో అందరికీ ఒక సంగతి అర్థమవుతుంది: పని చేసి చూపించడం కన్నా మీ చెవి దాకా ముందు చేరడం లాభం. ఆ తర్వాత మంచివాళ్లు కూడా, తమ మాట వెనకబడిపోతుందేమోనని, మీ గదికి క్యూ కడతారు. రాజకీయం వాళ్లు మొదలుపెట్టింది కాదు, మీ చెవి మొదలుపెట్టింది.

అప్పటి నుంచి నాకు కొన్ని అలవాట్లయ్యాయి. ఎవరైనా ఇంకొకరి గురించి చెబితే, "నువ్వు చూశావా, విన్నావా?" అని అడుగుతాను. "ఆమెను కూడా పిలుస్తాను, ఇద్దరూ ఉండగా మాట్లాడుకుందాం" అంటాను. ఆ మాటకే చాలామంది "అబ్బే, అంత పెద్ద విషయమేం కాదు మేడం" అని లేచిపోతారు. లేవకుండా "పిలవండి" అంటే అందులో ఏదో ఉందని అర్థం. మనిషి గురించి విన్నరోజే ఆ మనిషి మీద నిర్ణయం తీసుకోను.

ఇందులో కొన్నింటికి మినహాయింపు ఉంది. దొంగతనం, ప్రాణం మీదికొచ్చే పని, ఫ్రీజర్లను చల్లబరిచే అమ్మోనియా గ్యాసు లీకైతే దాచిపెట్టడం, ఆడవాళ్లతో చెడుగా ప్రవర్తించడం లాంటివి ఎదురుబొదురు కూర్చోబెట్టే సంగతులు కావు. అవి ఒంటరిగా వినాలి, చెప్పినవాళ్ల పేరు కాపాడాలి.

రెండు సెక్షన్లకు అస్సలు పడటం లేదు. రోజూ పంచాయితీయే. ఎవరి పక్షం తీసుకోవాలి?

ముందు ఎవరి పక్షమూ తీసుకోకండి, వాళ్లకు జీతం, మెప్పు దేని మీద వస్తున్నాయో చూడండి.

మా దగ్గర కొనుగోలు వాళ్లకూ, క్వాలిటీ వాళ్లకూ బద్ధవైరం. రొయ్య ధర కౌంటు మీద నడుస్తుంది. కిలోకు 40 తూగితే 40 కౌంటు. కౌంటు అంకె పెరిగేకొద్దీ రొయ్య చిన్నది, ధర తక్కువ. చెరువు దగ్గర 40 అని రైతుతో రేటు ఖాయం చేస్తారు, ప్లాంటులో దించాక 43 వస్తుంది. ఆ మూడు కౌంట్ల నష్టం ఎవరిది? కొనుగోలువాళ్లు "మీ శాంపిల్ తప్పు" అంటారు. క్వాలిటీవాళ్లు "చెరువుగట్టు మీద మర్యాదలు బాగా జరిగినట్టున్నాయి" అంటారు. ఆ రెండో మాట అన్నాక ఇక అది రొయ్య గొడవ కాదు.

నేను చూసినంతలో చాలాసార్లు ఇద్దరిదీ తప్పు లేదు. ఒకే చెరువులో రొయ్యలన్నీ ఒకే సైజుండవు. ఒక ట్రే పైనుంచి తీస్తే ఒక లెక్క, అడుగునుంచి తీస్తే ఇంకో లెక్క. నీళ్లు కారనివ్వకుండా తూస్తే బరువు పెరిగి రొయ్య పెద్దదిగా కనబడుతుంది. పైగా కొనుగోలు కుర్రాళ్లను ఎన్ని టన్నులు తెచ్చారని అడుగుతాం, క్వాలిటీ వాళ్లను ఎన్ని తప్పులు పట్టారని అడుగుతాం. అలా అడిగితే అన్నదమ్ములైనా కొట్టుకుంటారు.

మేం చేసింది ఇంతే. చెరువు దగ్గర శాంపిల్ తీసేటప్పుడు క్వాలిటీ మనిషి ఒకరు వెళ్లాలి, ప్లాంటులో తూచేటప్పుడు కొనుగోలు మనిషి ఒకరు ఉండాలి. ట్రేలు పైన, మధ్యన, అడుగున మూడూ తీయాలి. ఎంతసేపు నీళ్లు వాడ్చాలో ముందే అనుకుని గడియారం చూసి వాడ్చాలి. ఒకే రిజిస్టర్, ఇద్దరి సంతకాలు. రెండు కౌంట్ల దాకా తేడా వస్తే ఎవర్నీ అడగం, అంతకు మించితే ఇద్దర్నీ అడుగుతాం. గొడవలు పూర్తిగా పోలేదు గానీ, ఒకరి నిజాయితీని ఇంకొకరు అనడం పోయింది.

మన నెల్లూరు చరిత్రలో పెద్ద యుద్ధమే పుల్లరి దగ్గర వచ్చింది కదా. కాటమరాజు పశువులను మేపుకోవడానికి మనుమసిద్ధి రాజ్యంలోకి వచ్చాడు. మేత పన్ను ఒప్పందం దగ్గర తేడా వచ్చి, అది ఖడ్గతిక్కన ప్రాణం పోయేదాకా వెళ్లింది. ఎప్పుడు పంచాయితీ చేసినా నాకు ఆ కథ గుర్తొస్తుంది. ఎవరు ఎవరికి ఏమి, ఎంత, ఎప్పుడు ఇవ్వాలో ముందే తేల్చుకుని ఉంటే ఎంతమంది బతికేవాళ్లో!

పని అద్భుతంగా చేస్తాడు. నోరు మాత్రం మంచిది కాదు. ఏం చేయాలి?

అతని పని లెక్కేసేటప్పుడు, అతని నోటికి భయపడి మిగతావాళ్లు మానేసిన పని కూడా లెక్కేయండి. అతన్ని అడగలేక తప్పుగా చేసినవి, అతని పక్కన ఉండలేక మానేసిన కుర్రాళ్లు, అంతా కలపండి. ఆ తర్వాత కూడా అద్భుతమే అనిపిస్తే సంతోషం.

మాట్లాడేటప్పుడు "నీ ప్రవర్తన బాగాలేదు" అనకండి, అది ఎవరికీ ఎక్కదు. "మంగళవారం పొద్దున షిఫ్టు మారేటప్పుడు, ఆరుగురు చూస్తుండగా, ఆ అమ్మాయిని ఈ మాట అన్నావు. ఆ మాట ఇక్కడ ఇంకోసారి వినబడకూడదు" అనండి. రోజు, చోటు, అన్న మాట, మూడూ చెప్పండి. తప్పు చూపించొద్దని అతనికి చెప్పడం లేదని కూడా చెప్పండి. తప్పు పట్టాలి, మనిషిని తిట్టకుండా.

నేను చేసిన పనిని తోటి మేనేజర్ తన ఖాతాలో వేసుకుంటున్నాడు.

ఒకసారి జరిగితే వదిలేయండి. రెండోసారి అతనితోనే నవ్వుతూ అనండి: "అన్నా, ఆ ప్లాన్ మా పిల్లలు రాత్రుళ్లు కూర్చుని చేశారు. వాళ్ల పేర్లు కూడా చెప్పుంటే బాగుండేది." మీ పేరు అడగకండి, మీ టీం పేరు అడగండి. మూడోసారికి అవకాశం ఇవ్వకుండా, పని మధ్యలో ఉండగానే వారానికో చిన్న మెయిల్ పైవాళ్లకూ అతనికీ కలిపి పెట్టండి.

ఇదే తప్పు మీరు మీ కింది వాళ్లకు చేస్తున్నారేమో కూడా చూసుకోండి. ఈ ప్రశ్న నన్ను అడిగినవాళ్లలో కొందరి గురించి వాళ్ల కిందివాళ్లూ నన్ను ఇదే అడిగారు.

వాట్సాప్ గ్రూపులో గొడవ మొదలైతే?

గ్రూపులో ఒకే ఒక్క మాట: "రేపు పొద్దున మాట్లాడుకుందాం." ఆ వెంటనే ఇద్దరికీ ఫోన్. రాత్రి తొమ్మిది తర్వాత గ్రూపులో మందలింపులు పెట్టే మేనేజర్లను నేను చాలామందిని చూశాను. వాటికి బొటనవేలు గుర్తులు పెట్టేవాళ్లంతా ఇంకో గ్రూపులో ఆ మేనేజర్ గురించే మాట్లాడుకుంటుంటారు. ఆ రెండో గ్రూపు ఎక్కడుందో వెతకొద్దు, అందులో ఎవరున్నారో కనుక్కోవద్దు. అది ఎప్పుడూ ఉంటుంది.

మా ఆఫీసులో అంతా "మనోళ్లు, వాళ్లోళ్లు" అన్నట్టుంది. కులం, ఊరు, బంధుత్వం. దీనికి మందుందా?

ఆఫీసు పాఠాల్లో ఈ ప్రశ్న సాధారణంగా కనబడదు. మన జిల్లాల్లో మాత్రం "మీదే ఊరు?" తర్వాత "ఇంటిపేరేంటి?" అని అడక్కుండా టీ గ్లాసు ఖాళీ అవదు. అందరినీ మార్చడం మీ చేతుల్లో లేదు. మీ చేతుల్లో ఉన్నవి చూడండి. పోయిన ఏడాది ఓవర్‌టైం ఎవరెవరికి ఇచ్చారు, ఎవరిని ట్రైనింగ్‌కు పంపారు, ఎవరి తప్పును మాటతో సరిపెట్టారు, ఎవరికి మెమో ఇచ్చారు? ఒక కాగితం మీద రాసి చూసుకోండి. నేను రాసుకున్న రోజు నాకు సిగ్గేసింది. నేను కావాలని చేయలేదు, కానీ నా ఊరి వైపు పిల్లలకు మంచి షిఫ్టులు పడ్డాయి. వాళ్లు చనువుగా వచ్చి అడిగారు, మిగతావాళ్లు అడగలేదు. నా దృష్టిలో అది చనువు, వాళ్ల దృష్టిలో కులం. బయట నిలబడి చూసేవాళ్లదే సరైన లెక్క.

జోకుల పేరుతో కులం మాట వస్తే నవ్వకండి. మీరు నవ్వకపోతే అది అక్కడే చస్తుంది. ఎస్సీ, ఎస్టీ ఉద్యోగిని కులం పేరుతో అవమానిస్తే మాత్రం "ఏదో లోపల్లోపల సర్దుకుందాం" అనే అధికారం మీకు లేదు. దానికి 1989 నాటి అట్రాసిటీ చట్టం ఉంది. ఫిర్యాదు చేయాలా వద్దా అన్నది ఆ మనిషి ఇష్టం, మీరు అడ్డుపడకూడదు.

ఓనర్ గారి బావమరిది మా ఆఫీసులోనే ఉంటాడు. హోదా ఏదీ లేదు, పెత్తనం మాత్రం అంతా ఆయనదే.

ఆయనతో పోట్లాడితే ఓడిపోతారు. పండక్కి వాళ్లంతా ఒకే ఇంట్లో భోజనం చేస్తారు, మీరు చేయరు. ఓనర్ గారి దగ్గరకు ఫిర్యాదుగా కాకుండా పని ప్రశ్నగా వెళ్లండి: "సార్, ఐసు, డీజిల్ కొనేటప్పుడు ఎంత దాకా నేను సంతకం పెట్టొచ్చు, ఎంత దాటితే వారిని అడగాలి?" వాళ్లిద్దరూ ఉన్నప్పుడే అడగండి. జవాబు వచ్చాక కాగితం మీద పెట్టండి. చాలామంది ఓనర్లు ఈ ప్రశ్న ఎవరైనా అడిగితే బాగుండునని ఎదురుచూస్తూనే ఉంటారు, బావమరిదితో వాళ్లే చెప్పలేరు పాపం. "మీరూ మీరూ చూసుకోండి" అని తప్పించుకుంటే మీ కుర్చీ ఎత్తు ఎంతో మీకు తెలిసినట్టే. ఉండాలో వెళ్లాలో అప్పుడు ఆలోచించుకోవచ్చు.

పై అధికారే తప్పు పని చేయమని ఒత్తిడి పెడితే?

ల్యాబులో ఉన్నప్పుడు నాకు ఇది బాగా అనుభవం. కంటైనర్ గేటు దగ్గర సిద్ధంగా ఉంటుంది. ల్యాబు రిపోర్టులో యాంటీబయాటిక్ ఆనవాళ్లు కనబడతాయి. "ఇంకోసారి చూడమ్మా" అని ఫోన్. ఇంకోసారి చూడటంలో తప్పు లేదు, చూస్తాను. మళ్లీ అదే వస్తే, "సార్, నేను వచ్చిందే రాస్తాను. పంపాలనుకుంటే మీరు ఒక మెయిల్ పెట్టండి, అది చూపించి వదిలేస్తాను" అనేదాన్ని. గొంతు పెంచేదాన్ని కాదు. ఆ మెయిల్ నాకు ఒక్కసారి కూడా రాలేదు, ఆ కంటైనర్లూ వెళ్లలేదు. అవతలి దేశం రేవులో ఆ సరుకు పట్టుబడి వెనక్కొస్తే ఎంత నష్టమో వాళ్లకూ తెలుసు. ఆ సమయానికి తొందరలో మర్చిపోతారు.

పుకార్లు ఆపడం ఎలా?

2025 ఆగస్టు చివర్లో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచింది. మన రొయ్యకు పెద్ద మార్కెట్ అదే. ఆ వారం ప్లాంట్లలో ఎన్ని కథలు! రాత్రి షిఫ్టు ఎత్తేస్తారంట, సగం మందిని తీసేస్తారంట, ఫలానా వాళ్ల పేర్లు లిస్టులో ఉన్నాయంట. ఆ లిస్టు రాసింది ఎవరో గానీ, పడనివాళ్ల పేర్లే అందులో ముందుండేవి.

నా దగ్గర నేర్చుకున్న ఒకమ్మాయి అప్పుడు మంచి పని చేసింది. ప్రతి సోమవారం షిఫ్టు మారేటప్పుడు అందరి ముందు ఐదు నిమిషాలు నిలబడి మూడే చెప్పేది: ఖాయమైంది ఇది, ఇంకా తేలనిది ఇది, మళ్లీ చెప్పేది ఫలానా రోజు. "తేలలేదు" అని చెప్పడానికి భయమేసేదంట. అలా చెప్పినందుకే జనం నమ్మారు.

ఆడమనిషిని. మీటింగులో నా మాట మధ్యలో ఆపేస్తారు, అదే మాట మగవాళ్లంటే తల ఊపుతారు.

ఆపినప్పుడు ఆగకండి. "ఒక్క నిమిషం సార్, పూర్తి చేస్తాను" అని అదే గొంతుతో కొనసాగించండి. కోపం చూపిస్తే "మేడంకు కోపమెక్కువ" అంటారు, ఊరుకుంటే "మేడం మెత్తన" అంటారు. ఆ రెండు పేర్లూ నాకు ఒకే వారంలో వచ్చాయి కాబట్టి ఇక ఆలోచించడం మానేశాను. ముఖ్యమైన విషయమైతే మీటింగుకు ముందే ఇద్దరితో విడిగా మాట్లాడి పెట్టుకోండి. అదీ రాజకీయమేనా అంటే అవును, మంచి రకం.

లైంగిక వేధింపు గురించి నాకు ఎవరైనా చెబితే నేను విచారించి తేల్చవచ్చా?

వద్దు. 2013 చట్టం ప్రకారం పది మంది, అంతకన్నా ఎక్కువ పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలి. దానికి అధ్యక్షురాలు మహిళే, సభ్యుల్లో కనీసం సగం మంది మహిళలు, బయటి మనిషి ఒకరు. మీ దగ్గర పది మంది కన్నా తక్కువుంటే, లేదా ఫిర్యాదు యజమాని మీదే అయితే, జిల్లా స్థాయిలో స్థానిక కమిటీకి వెళ్లాలి. జరిగిన మూడు నెలల్లోపు రాతపూర్వకంగా ఇవ్వాలి, తగిన కారణముంటే కమిటీ ఇంకో మూడు నెలల దాకా గడువు పొడిగించవచ్చు. విచారణ 90 రోజుల్లో ముగియాలి. కాంట్రాక్టు మీద వచ్చి తలలు తీసే ఆడవాళ్లకు కూడా ఇది వర్తిస్తుంది. "వాళ్లు మా రోల్స్‌లో లేరు" అన్న మాట చెల్లదు.

మీ పని ఆమెను నమ్మి వినడం, కమిటీ దాకా తోడు వెళ్లడం, ఈ లోగా ఆ ఇద్దరి షిఫ్టులూ కలవకుండా చూడటం, నోరు మెదపకుండా ఉండటం. "ఎందుకమ్మా, పెళ్లి కావాల్సిన పిల్లవు" అనే పెద్దరికం మాత్రం చేయకండి.

మెమో ఎప్పుడు ఇవ్వాలి?

రెండుసార్లు ముఖాముఖి చెప్పి, చెప్పిన తేదీలు రాసుకుని, అప్పటికీ మారకపోతే. కోపంలో ఉన్నరోజు ఇవ్వొద్దు. మెమోలో విశేషణాలు రాయొద్దు, జరిగింది రాయాలి. సంజాయిషీ ఇవ్వడానికి గడువు ఇవ్వాలి, వచ్చిన సంజాయిషీ నిజంగా చదవాలి. ప్రభుత్వ ఆఫీసుల్లో అయితే ఉద్యోగుల మీద క్రమశిక్షణ చర్యలకు 1991 సీసీఏ రూల్స్ ఉన్నాయి. అక్కడ పద్ధతి ఒక్క మెట్టు తప్పినా తప్పు చేసినవాడు దర్జాగా బయటపడతాడు. సెక్షన్ సూపరింటెండెంట్‌ను పక్కన కూర్చోబెట్టుకుని రాయండి.

సంక్రాంతి సెలవుల దగ్గర ప్రతి ఏడూ యుద్ధమే. ఎలా ఇవ్వాలి?

చిన్న ప్రశ్నలా ఉంటుంది గానీ, ఆఫీసులో మీ మీద నమ్మకం పుట్టేదీ చచ్చేదీ ఇక్కడే. భోగి రోజు డ్యూటీ పడ్డవాడు పదేళ్లయినా మర్చిపోడు.

నేను నోటీసు బోర్డు మీద ఒక చార్టు పెట్టాను. పోయిన మూడేళ్లలో ఏ పండక్కి ఎవరు పనిచేశారో అందులో ఉంటుంది. పోయినసారి చేసినవాళ్లకు ఈసారి ముందు ఎంపిక. మార్చుకోవాలంటే వాళ్లలో వాళ్లు మార్చుకోవచ్చు, కానీ చార్టులో దిద్దాలి. చార్టు పెట్టాక బేరాలు వాటంతటవే కుదిరాయి. నెల్లూరు టౌను పిల్లలకు స్వర్ణాల చెరువు దగ్గర రొట్టెల పండగ ముఖ్యం, ఇంటికి చుట్టాలు దిగుతారు. అది మొహర్రంతో వస్తుంది కాబట్టి ప్రతి ఏడూ దాదాపు పదకొండు రోజులు ముందే వచ్చేస్తుంది, తేదీ ముందే చూసి చార్టులో వేసేవాళ్లం. ఒంగోలు వైపు వాళ్లకు సంక్రాంతి కావాలి. ఒకరిది ఒకరు తీసుకునేవాళ్లు.

నా పేరూ ఆ చార్టులో ఉండేది. ఏడాది విడిచి ఏడాది కనుమ రోజు షెడ్డులో నేనే ఉండేదాన్ని. దాని మీద మా ఇంట్లో వేరే రాజకీయం నడిచేది. దానికి మాత్రం నా దగ్గర జవాబు లేదు, అడక్కండి.